పట్టికలో లేని ఉప ఎన్నిక

లైబ్రరీలోనో, ఆర్కైవ్స్‌లోనో, ఇంకేదైనా ఆఫీసులోనో జనం అడిగినదానికి జవాబు చెప్పే బల్ల వెనక ఈమధ్యే కూర్చున్న పిల్లలు మీలో కొందరైనా ఉండే ఉంటారు. ఇది మీకోసం రాస్తున్నాను. నేను ఆక్లాండ్ పడమటి వైపు, న్యూ లిన్‌కి దగ్గర్లో ఒక లైబ్రరీలో, కుటుంబ చరిత్రల డెస్కు దగ్గర పద్నాలుగేళ్లు పనిచేసి రిటైరయ్యాను. ఆ పద్నాలుగేళ్లలో నేను చేసిన మంచి పనులేమిటో వీడ్కోలు రోజున మావాళ్లు కేకు కోస్తూ చెప్పారు. చెడగొట్టిన పని ఊసు ఎవరూ ఎత్తలేదు. మర్యాదస్తులు పాపం. అది నేనే చెప్పుకోవాలి.

మాది బాపట్ల వైపు. ఈ దేశం రాకముందు తహసీల్దారు ఆఫీసులో జూనియర్ అసిస్టెంటుగా చేశాను. ఆ ఉద్యోగంలో ఉన్నవాళ్లకి పెళ్లిళ్లు, పురుళ్లు తప్పినా ఎన్నికల డ్యూటీ మాత్రం తప్పదు. ఓటర్ల జాబితాలు పట్టుకుని ఇల్లిల్లూ తిరిగాను. వేళ్లకి సిరా పూశాను. బ్యాలెట్ పెట్టెలకి లక్క సీలు వేశాను. ఒకసారైతే ఏజెంట్లిద్దరూ కొట్టుకోబోతుంటే మధ్యలో దూరి చీర చింపుకున్నాను కూడా. అందుకని లైబ్రరీలో ఎవరైనా ఎన్నికల మాటెత్తితే చాలు, అది నా సొంత సబ్జెక్టు అన్నట్టు ముందుకు జరిగేదాన్ని. ఆ గర్వమే నా కొంప ముంచింది.

మా డెస్కుకి వచ్చేవాళ్లలో ఎక్కువమంది తాతముత్తాతలు ఏ ఓడలో వచ్చారో తెలుసుకోవడానికి వస్తారు. ఆ వానాకాలంలో వచ్చిన పెద్దాయన అలా అడగలేదు. డెబ్బై అయిదు దాటిన మనిషి, స్కాట్లాండ్‌లో పుట్టి చిన్నతనంలోనే ఇక్కడికి వచ్చినవాడు. న్యూ లిన్ స్టేషన్ పక్క అపార్టుమెంట్లలో ఒక్కడే ఉండేవారు. తడిసిన టోపీ తీసి చేతిలో పట్టుకుని, స్కాట్లాండ్‌లో ఒక పార్లమెంటు నియోజకవర్గం పేరు చెప్పారు. అది ఇప్పుడు లేదు, ఎప్పుడో రద్దయిపోయింది. అది ఉన్నంతకాలం ఏ ఎన్నికలో ఎవరెవరు నిలబడ్డారో, ఎవరు గెలిచారో, ఎవరు ఓడారో మొత్తం కావాలన్నారు. మా మాటలన్నీ ఇంగ్లీషులోనే జరిగాయి. నాకు వినపడ్డట్టు తెలుగులో రాస్తున్నాను.

ఎందుకని అడిగితే మొదటిసారి చెప్పలేదు. రెండోసారి వచ్చినప్పుడు చెప్పారు. వాళ్ల నాన్న అక్కడ బొగ్గుగనిలో పనిచేసేవాడట. యుద్ధం అయిపోయిన కొన్నేళ్లకి గనిలో కప్పు కూలి మనుషులు పోతే, ఆ కుటుంబాల తరఫున ఏ పార్టీ అండా లేకుండా పార్లమెంటుకి నిలబడ్డానని, ఓడిపోయానని, ఆ తర్వాత ఏ గనిలోనూ పని ఇవ్వకపోతే ఓడెక్కి ఇక్కడికి వచ్చానని చెప్పేవాడట. ఇక్కడ కలప మిల్లులో చేరాడు. మిల్లులో అందరికీ ఆ కథ చెప్పేవాడు. వాళ్లు నవ్వేవాళ్లు. ‘ఎంపీ గారూ, ఆ దుంగ ఇటు తోయండి’ అనేవాళ్లట.

ఈయనకి పదిహేడేళ్లప్పుడు, అదే మిల్లులో చేరిన కొత్తలో, ఆ ఎగతాళి భరించలేక, పదిమంది ఎదుట ‘మా నాన్న చెప్పేది అబద్ధం, ఆయన దేనికీ నిలబడలేదు’ అనేశారు. తండ్రి అక్కడే ఉన్నాడు. ఆ తర్వాత బతికున్నన్నాళ్లూ ఆ కథ మళ్లీ ఎత్తలేదు.

క్షమించనిది అక్క. ఈయనకంటే అయిదేళ్లు పెద్ద. ఫలితం చెప్పిన రోజు తండ్రి తనని భుజాల మీద ఎక్కించుకున్నాడని, టౌన్‌హాలు మెట్ల మీద నుంచి ఎవరో ఆయన పేరు చదువుతుంటే తాను చెవులారా విన్నానని ఆవిడ అనేది. ‘నీకప్పుడు ఎనిమిదేళ్లు. నాన్న చెప్పింది వినీ వినీ చూశాననుకుంటున్నావు’ అని ఈయన అనేవారు. అక్కాతమ్ముళ్లు దాదాపు అరవై ఏళ్లు పండగలకి కలిశారు, ఒకరి పిల్లల్ని ఒకరు ఎత్తుకున్నారు, ఈ ఒక్క మాట మాత్రం పక్కన పెట్టి బతికారు. ఇప్పుడు ఆవిడ టౌరంగాలో, ముసలివాళ్లుండే ఒక రెస్ట్ హోమ్‌లో ఉంది. ఎనభై దాటినా బుర్ర చురుగ్గా పనిచేస్తోంది. ఇద్దరిలో ఎవరో ఒకరు పోయేలోపు ఇది తేలాలని ఈయన పంతం.

“నాదే తప్పని తేలితే బాగుండునమ్మా. ఆవిడకి చెప్పి, తర్వాత నాన్న సమాధి దగ్గరికి వెళ్లి చెబుతాను” అన్నారు.

ఆ మాట విన్నాక ఎవరు మాత్రం మామూలుగా పని చేస్తారు? భోజనం వేళ కూడా వదలకుండా పనిచేశాను.

ఆ నియోజకవర్గం చరిత్ర తవ్వడం సులువు కాలేదు. మొదట్లో అక్కడ ఒకే జమీందారీ కుటుంబం పోటీ లేకుండా గెలుస్తూ వచ్చింది. తర్వాత లిబరల్ పార్టీవాళ్లు, గనులు పెరిగాక లేబర్ పార్టీవాళ్లు. సరిహద్దులు మూడుసార్లు మార్చారు. ఒకసారి పక్క పట్నంతో కలిపి పేరు మార్చారు, ఇంకోసారి విడదీసి పాత పేరు తగిలించారు, చివరికి ముక్కలు చేసి రెండు వేరే నియోజకవర్గాల్లో కలిపేశారు. ఇంటర్నెట్‌లో ఉన్నది అతుకుల బొంత; దాన్ని నమ్మొద్దని, అచ్చు పుస్తకమే ప్రమాణమని మా రూలు. పుస్తకాలు సెంట్రల్ లైబ్రరీ నుంచి తెప్పించి, ప్రతి సాధారణ ఎన్నికకీ ఒక వరస వేసి, ఎవరెవరు నిలబడ్డారో ఒక్క పేరు వదలకుండా పట్టిక తయారుచేశాను. మూడు వారాలు పట్టింది. తండ్రి పేరు లేదు. ముందు ఎన్నికలూ, వెనక ఎన్నికలూ, పక్క నియోజకవర్గాలూ చూశాను. ఎక్కడా లేదు.

యుద్ధం తర్వాత వచ్చిన రెండు సాధారణ ఎన్నికల మధ్య గెలిచిన మనిషి మారాడు. పార్టీ అదే. పాతాయన వయసు మళ్లి తప్పుకుని ఉంటాడులే అనుకున్నాను. అనుకుని ముందుకు వెళ్లిపోయాను.

మా డెస్కులో రెండు ఆచారాలుండేవి. ఒకటి, బయటికి వెళ్లే ప్రతి జవాబునీ రెండో మనిషి చూడాలి. రెండు, ఉత్తరం చివర ఏ పుస్తకాలు చూశామో రాయడమే కాదు, ఏవి చూడలేదో కూడా రాయాలి. ఆ రెండో ఆచారం మా టీమ్ లీడర్ పెట్టింది. ఆవిడ ఇక్కడే పుట్టి పెరిగిన కివీ, నాకంటే పదేళ్లు చిన్న, పనిలో మాత్రం మా అత్తగారికంటే ఖచ్చితం. ఆ నెల ఆవిడ సెలవులో ఉంది. మిగిలిన కుర్రవాళ్లకి బ్రిటన్ ఎన్నికల గురించి ఏం తెలుసని చూపించడం అనుకున్నాను. చూడని పుస్తకాల సంగతికొస్తే, అన్నీ చూశానని నా నమ్మకం. ఇంత పెద్ద పట్టిక కింద ‘ఇంకా ఏవో ఉండొచ్చు’ అని రాస్తే నా పని నేనే తక్కువ చేసుకున్నట్టుంటుందనిపించింది. రాయలేదు. ‘మీ తండ్రిగారు ఈ నియోజకవర్గంలో ఏ ఎన్నికలోనూ పోటీ చేయలేదు’ అని రాసి సంతకం పెట్టాను.

ఆయన వచ్చి పట్టిక అందుకున్నారు. వేలు పెట్టి ఒక్కో వరసా చదివారు. చివరి కాగితం తిప్పి వెనక కూడా చూశారు. అక్కడేమీ లేదు.

“అయితే నేనన్నది నిజమేనన్నమాట” అన్నారు.

అది గెలిచిన మనిషి గొంతు కాదు. చాలా నీట్‌గా చేశారమ్మా అని నన్ను మెచ్చుకుని, టోపీ పెట్టుకుని వెళ్లిపోయారు. నాకు బాధగానే ఉంది కానీ, దాచడమెందుకు, మెచ్చుకున్నందుకు లోపల కొంచెం పొంగాను కూడా.

రెండు నెలలు గడిచాయి. ఒక ఆదివారం బోటనీ డౌన్స్‌లో మా స్నేహితుల ఇంట్లో పిల్లాడి పుట్టినరోజు. మన తెలుగువాళ్లు నలుగురు చేరితే ఏముంటుంది? ఆడవాళ్లం వంటింటి దగ్గర, మగవాళ్లు పెరటి వైపు చెక్క డెక్ మీద రాజకీయాలు. ఊళ్లో ఓటు వదిలేసి పాతికేళ్లయినా ఒక్కొక్కరూ ముఖ్యమంత్రిలా మాట్లాడతారు. మా ఆయన ఎవరో ఎమ్మెల్యే గురించి వాదిస్తున్నాడు. దానికి ఇంకొకాయన, “అది జనరల్ ఎలక్షన్ కాదండీ బాబూ, ఆయన పోయాక వచ్చిన ఉప ఎన్నిక” అన్నాడు.

నా చేతిలో పులిహోర ప్లేటు ఉంది. పక్కన ఎవరో ఏదో అడుగుతున్నారు, వినపడలేదు. ఉప ఎన్నిక! మా ఊళ్లో ఉప ఎన్నికంటే తిరనాళ్లే. రాష్ట్రంలో ఉన్న మంత్రులంతా ఒక్క మండలంలో దిగిపోయేవాళ్లు. రెండు ఉప ఎన్నికలకి నేనే డ్యూటీ చేశాను. ఆ చీర చిరిగింది కూడా ఉప ఎన్నికలోనే! పాతాయన తప్పుకుని ఉంటాడనుకున్న నేను, పోయి ఉంటాడని ఎందుకు అనుకోలేదు? మా దేశంలో ఏ రైతుకూలీని అడిగినా చెప్పే ముక్క నా బుర్రకి తట్టలేదు. నేను తెప్పించిన పుస్తకాలు సాధారణ ఎన్నికలవి. ఉప ఎన్నికలకి వేరే సంపుటం ఉంటుందేమోనని కూడా చూడలేదు.

మర్నాడు చూశాను. ఉంది. తెప్పించుకోవడానికి నాలుగు రోజులు పట్టింది. ఆ నాలుగు రోజులూ వంటలో ఉప్పు ఎక్కువో తక్కువో అవుతూనే ఉంది. సంపుటం వచ్చాక ఆ నియోజకవర్గం పేజీ తీశాను. ఎంపీ మరణం వల్ల ఉప ఎన్నిక. నలుగురు అభ్యర్థులు. నాలుగోవాడు, స్వతంత్రుడు, ఆ పెద్దాయన తండ్రి. ఇంటిపేరూ, సొంత పేరూ, అన్నీ సరిపోయాయి.

టీమ్ లీడర్ దగ్గరికి వెళ్లి మొత్తం చెప్పాను. తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది. రెండో మనిషి ఎవరు చూశారని అడిగింది. ఎవరూ చూడలేదన్నాను. “ఉత్తరం రాయొద్దు. వెళ్లి నువ్వే చెప్పు” అంది.

ఆయన అపార్టుమెంటుకి వెళ్లాను. కూర్చోమని టీ పెట్టబోతుంటే ఆపి, పేజీ నకలు చేతికిచ్చి, తప్పు నాదని చెప్పాను. కోప్పడతారని ఎదురుచూశాను. ఆయన వేలు పెట్టి నాలుగో పేరు దాకా చదివారు. మొహం వెలిగింది. అది ఒక్క క్షణమే. తర్వాత పాలిపోయింది.

“అక్కకి చెప్పేశాను” అన్నారు.

నా పట్టిక అందిన వారంలోనే ఫోన్ చేసి, లైబ్రరీ వాళ్లు అన్నీ చూశారు, నాన్న పేరు లేదు అని చెప్పారట. ఆవిడ వాదించలేదట. ‘మరి నేను చూసిందేమిటి?’ అందట. అప్పటినుంచి మొదలైంది. కూతురికి ఫోన్ చేసి, నీ పెళ్లి రోజు వాన పడిందా, నిజంగా పడిందా అని అడుగుతుందట. మనకి నల్లకుక్క ఉండేదా, నేను ఊహించుకున్నానా అని అడుగుతుందట. కథలు చెప్పి నర్సుల్ని కూర్చోబెట్టుకునే మనిషి ఏదీ చెప్పడం మానేసింది. ‘నా జ్ఞాపకాలు సరైనవి కావు, నన్నేమీ అడగకండి’ అంటోందట. మతిమరుపు జబ్బు మొదలైందేమోనని రెస్ట్ హోమ్ వాళ్లు పరీక్షలు కూడా చేశారు. ఆ పరీక్షల్లో ఏ జబ్బూ బయటపడలేదు.

ఆ రోజు ఆయన ఇంట్లోంచి బయటికి వచ్చి స్టేషన్ బెంచీ మీద కూర్చుని ఏడ్చాను. నా తప్పు వల్ల ఒక కాగితం పాడైందనుకున్నాను ఆ నాలుగు రోజులూ. పాడైంది ఒక మనిషి.

ఆయన కారు నడపడం ఎప్పుడో మానేశారు. నేను తీసుకెళతానన్నాను. మా ఆయన వద్దన్నాడు. “చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభమే? ఫోన్లో చెప్పొచ్చుగా. అక్కడ వాళ్లేమన్నా అంటే?” అన్నాడు. అంటే పడతానన్నాను. శనివారం పొద్దున్నే బయల్దేరాం. మూడు గంటల దారిలో ఆయన ఆ పేజీని ప్లాస్టిక్ కవరులో పెట్టి ఒళ్లో పట్టుకుని కూర్చున్నారు. కివీపండ్ల తోటలు మొదలయ్యాక ఒక్కసారి మాత్రం మాట్లాడారు. ముందు మీరు చెప్తారా, నేను చెప్పనా అని అడిగారు. మీరే చెప్పండి, తర్వాత నేను క్షమాపణ అడుగుతానన్నాను.

ఆవిడ గది చిన్నది, శుభ్రంగా ఉంది. పొడగరి, తెల్లటి జుట్టు నున్నగా దువ్వుకుని, మమ్మల్ని చూసి లేచి నిలబడింది. తమ్ముణ్ణి ముద్దు పెట్టుకుంది. ఆయన కవరులోంచి పేజీ తీసి ఇచ్చారు. ఆవిడ కళ్లజోడు పెట్టుకుని, ఒక్కో పేరూ పెదవులతో చదువుతూ నాలుగోదాని దగ్గర ఆగింది. ఆగినప్పుడు నేను దేవుడికి మొక్కుకున్నాను.

“నువ్వు చెప్పిందే నిజం అక్కా. మెట్లు, భుజాలు, పేరు చదవడం, అంతా నిజం. నేనే తప్పు. అరవై ఏళ్లుగా నేనే తప్పు” అన్నారాయన. టోపీ మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చారు.

ఆవిడ ఆ పేజీని చూసింది, ఆయన్ని చూసింది, నన్ను చూసింది. ఇది ఎవరు అచ్చు వేశారని మెల్లిగా అడిగింది. నేను ముందుకు జరిగి, ఇది లైబ్రరీ పుస్తకంలోదని, ఉప ఎన్నికలకి వేరే సంపుటం ఉంటుందని, నేను అది చూడకుండా జవాబిచ్చానని, మీ జ్ఞాపకంలో ఏ లోపమూ లేదని, లోపం నాదని చెప్పాను. నా ఇంగ్లీషు తడబడింది. రెండుసార్లు చెప్పాను. ఆవిడ నా చెయ్యి తీసుకుని నిమిరింది. ఇంత దూరం వచ్చావు, ఎంత మంచిదానివమ్మా అంది. చిన్నపిల్ల గీసిన బొమ్మ చూసి మెచ్చుకునేటప్పుడు ఉంటుందే, ఆ గొంతు.

తర్వాత తమ్ముడి వైపు తిరిగి, “ఏడవకు. నాకప్పుడు ఎనిమిదేళ్లేగా. నాన్న చెప్పింది వినీ వినీ చూశాననుకున్నాను. నువ్వు అప్పట్లోనే సరిగ్గా చెప్పావు” అంది.

ఆయన, “కాదక్కా, అచ్చులో ఉంది, చూడు” అన్నారు. “సరే, ఉంది” అంది ఆవిడ. ఆయన మళ్లీ చూపించారు. మళ్లీ సరేనంది. ముసలివాళ్లని సంతోషపెట్టడానికి చుట్టూ ఉన్నవాళ్లు ఏదైనా చెప్తారని ఆ రెండు నెలల్లో ఆవిడ నేర్చుకుంది. మొదటిసారి గట్టిగా, సంతకంతో, పట్టికతో చెప్పిన అబద్ధాన్ని నమ్మింది. రెండోసారి ఏడుస్తూ చెప్పిన నిజాన్ని నమ్మలేకపోయింది. నిజం చెప్తున్నామని ఎలా చూపించాలో నాకు తెలియలేదు. ఇప్పటికీ తెలియదు.

బయల్దేరే ముందు ఆయన మొహం కడుక్కోవడానికి వెళ్లారు. గదిలో మేమిద్దరమే మిగిలాం. ఆవిడ గుమ్మం వైపు చూసి, నా చెయ్యి గట్టిగా పట్టుకుని గొంతు తగ్గించింది.

“నేను నమ్మానని మా తమ్ముడికి చెప్పు. లేకపోతే బెంగపెట్టుకుంటాడు.”

నేను ఇంకొకసారి చెప్పబోయాను. ఆవిడ తల అడ్డంగా ఊపింది. అలసిపోయింది. ఆయన వచ్చారు. ఆవిడ నవ్వుతూ, ఆ పేజీ నా దగ్గరే ఉంచు, గోడకి పెట్టుకుంటాను అంది. ఆయన కళ్లు మెరిశాయి.

ఆవిడ ఆ మరుసటి ఏడు పోయింది. ఆయన పోయి రెండేళ్లవుతోంది. అందుకే ఇప్పుడు రాయగలుగుతున్నాను. టౌరంగాలో జరిగింది మా టీమ్ లీడర్‌కి కూడా ఇంతవరకూ సగమే చెప్పాను. పిల్లలూ, మీకు చెప్పేది ఇంతే: మీరు చూడని పుస్తకం పేరు మీ ఉత్తరం కింద రాయండి. రెండో మనిషికి చూపించండి, ఆ మనిషికి మీకంటే తక్కువ తెలిసినా సరే. తర్వాత దిద్దుకోవచ్చులే అనుకోకండి. కాగితం మీదైతే దిద్దుకోవచ్చు.

తిరుగుదారిలో తోటలు దాటాం. ఘాట్ రోడ్డు ఎక్కుతుంటే, రోడ్డు మీదనుంచి చూపు తిప్పకుండానే అడిగారు.

“నమ్మిందంటారా?”

“నమ్మారు” అన్నాను.

పద్నాలుగేళ్లలో తెలిసి తెలిసి నేనిచ్చిన తప్పు జవాబు అదొక్కటే. ఆయన కిటికీ వైపు తిరిగి కళ్లు తుడుచుకున్నారు. తర్వాత వాళ్ల నాన్న గురించి చెప్పడం మొదలుపెట్టారు. ఆయన నడక, ఆయన దగ్గు, మిల్లులో ఎగతాళి చేసినవాళ్లకి కూడా ఆయన టీ పోసివ్వడం, అన్నీ చెప్పుకుంటూ, న్యూ లిన్ వచ్చేదాకా ఆపలేదు.